మా అమ్మమ్మ యూదురాలు. మరి నేను ఎవరిని?

సికింద్రాబాద్_మనవడు
పోయిన నెల అమ్మ ఇల్లు మారుతుంటే అటక మీది రేకు పెట్టె దించాం. అందులో అమ్మమ్మ వస్తువులు ఉన్నాయి. గొలుసులతో వేలాడదీసే గాజు దీపం ఒకటి, అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి (ఒక పుటలో హీబ్రూ, ఎదుటి పుటలో మరాఠీ), అంచుల్లో పూలు గీసిన పెద్ద పత్రం ఒకటి. పత్రంలో ఉన్నదంతా హీబ్రూ అక్షరాలే.

ఇవేమిటని అడిగితే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. అమ్మమ్మ, తాతయ్య ఇద్దరూ బెనె ఇజ్రాయెల్ యూదులట, కొంకణ తీరం వాళ్లు. తాతయ్య రైల్వేలో గార్డు. షోలాపూర్ నుంచి సికింద్రాబాదుకు బదిలీ అయి ఇక్కడే ఉండిపోయారు. అమ్మ తెలుగాయనను పెళ్లి చేసుకుంది. ఆ తర్వాత ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

అమ్మమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. శుక్రవారం పొద్దు వాలగానే ఆమె గాజు గ్లాసులో నీళ్లు పోసి, పైన నూనె పోసి ఒత్తి వెలిగించేది. రొయ్యలు ఇంట్లోకి రానిచ్చేది కాదు. ఒక్కోసారి అటుకులు, కొబ్బరి, చక్కెర, పండ్ల ముక్కలు పెద్ద పళ్లెంలో కలిపి "ఎలియాహు" అని ఏదో పాడేది. మరాఠీ వాళ్ల ఆచారం కాబోలు అనుకునేవాళ్లం.

నేను పెరిగింది సత్యనారాయణ వ్రతాల మధ్య. తిరుపతిలో పుట్టు వెంట్రుకలు ఇచ్చారు. ఇప్పుడు 38 ఏళ్ల వయసులో అడుగుతున్నాను. నేను యూదుడినా? కావాలంటే మతం మారాలా? ఎవరిని అడగాలి? ఇజ్రాయెల్ వెళ్లే ఆలోచన నాకు లేదు, ఆ మాట ముందే చెబుతున్నాను. ఆ దీపం పెట్టెలోకి మళ్లీ వెళ్లకూడదని మాత్రం ఉంది.

ఆకాశరామన్న
ముందు ఆ పత్రానికి ప్లాస్టిక్ పూత వేయించకండి. మా తాతగారి దస్తావేజు అలాగే పాడైంది. పత్తి కాగితంలో చుట్టి బల్లపరుపుగా ఉంచండి.

థానే_తెలుగు
అది కెతూబా, అంటే పెళ్లి ఒప్పంద పత్రం. భర్త భార్యకు ఏమేమి బాధ్యత పడుతున్నాడో రాసి, సాక్షులతో సంతకాలు చేయించి వధువుకు ఇస్తారు. మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా విలువైనది అదే.

మా వాళ్లు కరీంనగర్ నుంచి మగ్గాల పనికి భివండి వచ్చారు. నేను పుట్టి పెరిగింది థానేలో. మా వీధి చివర బెనె ఇజ్రాయెల్ కుటుంబాలు ఉండేవి, నా చిన్ననాటి స్నేహితులు సగం మంది వాళ్లే. మీరు చెప్పిన అటుకుల పళ్లెం పేరు మలీదా. ఏలియా ప్రవక్తను తలుచుకుంటూ చేస్తారు. మొక్కు తీరినప్పుడు, పెళ్లికి ముందు, కొత్త ఇంట్లోకి వెళ్లినప్పుడు. బెనె ఇజ్రాయెల్ వాళ్లకు ఇది ప్రత్యేకం. మీ అమ్మమ్మ ఎవరో ఆ పళ్లెమే చెబుతోంది.

ఒకటి అడగనా? ఆమె పుట్టింటి పేరు "కర్"తో ముగుస్తుందా?

సికింద్రాబాద్_మనవడు
అవును! అమ్మ చెప్పింది, "కర్" ఉంది. ఎలా కనిపెట్టారు?

థానే_తెలుగు
కొంకణంలో స్థిరపడిన పల్లెను బట్టి పెట్టుకున్న పేర్లు అవి. పెణ్ వాళ్లు పెణ్కర్, నవ్‌గావ్ వాళ్లు నవ్‌గావ్‌కర్. మన ఇంటిపేర్లు ఊళ్ల నుంచి రాలేదా, అలాగే. ఏ పల్లె అన్నది తెలిస్తే ఏ శ్మశానంలో వెతకాలో తెలుస్తుంది.

ఆ పల్లెల్లో వాళ్లు నూనె గానుగలు ఆడించేవారు. శనివారం గానుగ ఆపేసేవారు కాబట్టి చుట్టుపక్కల వాళ్లు "శనివార్ తేలీ" అని పిలిచారు. హీబ్రూ పుస్తకాలు, గురువులు ఏవీ లేని రోజుల్లో కూడా శనివారం విశ్రాంతి, సున్నతి, "షెమా" అనే ఒక్క ప్రార్థన వదల్లేదు.

జెర్సీ_బెజవాడ
మీ అసలు ప్రశ్నకు వస్తాను. యూదుల ధర్మశాస్త్రం ప్రకారం తల్లి యూదురాలైతే బిడ్డ యూదుడే. మీ అమ్మమ్మ యూదురాలు కాబట్టి మీ అమ్మ యూదురాలు, మీ అమ్మ వల్ల మీరు. మధ్యలో వ్రతాలు చేసినా, గుండు చేయించుకున్నా ఆ పుట్టుక చెరిగిపోదు. మీరు మారనక్కర్లేదు. తిరిగి రావాలి, అంతే. వాళ్ల భాషలో దానికి "తెషువా" అంటారు, మరలి రావడం అని.

అయితే మీరు చెప్పినంత మాత్రాన ఏ రబ్బీ, అంటే యూదుల మతగురువు, ఒప్పుకోడు. కాగితం చూస్తాడు. కెతూబా, సమాధి రాయి, సినగాగ్ (వాళ్ల ప్రార్థన మందిరం) పుస్తకంలో పేరు, బంధువుల సాక్ష్యం. అవి సరిపోకపోతే అనుమానం తీరడానికి మతమార్పిడి తంతు ఒకసారి చేయిస్తారు. దానిని అవమానంగా తీసుకోకండి.

నేను మీకు ఎదురు కొస నుంచి వచ్చాను. నా వంశంలో యూదులు ఎవరూ లేరు. విజయవాడలో పుట్టి, నా ఇష్టంతో మారాను.

నిప్పులాంటి_నిజం
నాకు అర్థం కాని విషయం ఒకటి. మీ నాన్నగారి గోత్రం, ఇంటిపేరు మీకు వచ్చాయి. 38 ఏళ్లు ఒక ఇంటి బిడ్డగా బతికారు. ఒక పెట్టె తెరవగానే ఇంకొకరు అయిపోతారా? మీ నాన్నగారు ఉన్నారా? ఆయన మనసు ఏమవుతుందో ఆలోచించారా?

సికింద్రాబాద్_మనవడు
నాన్న ఉన్నారు. నిన్న రాత్రి ఆయనే ఆ దీపం గొలుసుకు చింతపండు పెట్టి తోమారు. ఏమీ అనలేదు. మీ ప్రశ్న న్యాయమైనదే, నేనూ రోజూ అడుక్కుంటున్నాను.

కృష్ణాతీరం
@నిప్పులాంటి_నిజం మన దగ్గర తండ్రి వైపు నుంచి లెక్క, వాళ్ల దగ్గర తల్లి వైపు నుంచి. ఒకే మనిషిని రెండు ఇళ్ల వాళ్లూ మా బిడ్డే అంటే తప్పేమిటి?

రూతుమ్మ_రాజమండ్రి
నేను పాస్టరు గారి కూతురిని. నాలుగేళ్లుగా పాత నిబంధన హీబ్రూలో చదవాలని నేర్చుకుంటున్నాను, విశ్రాంతి దినం శనివారమే పాటిస్తున్నాను. మా ప్రాంతంలో ఇలా చేసే వాళ్లు చాలామంది ఉన్నారు. శాలువా కప్పుకుంటారు, కొమ్ము ఊదుతారు, పస్కా చేస్తారు. మేము కూడా యూదులమేనా? యేసును నమ్ముతూనే యూదురాలిగా మారవచ్చా?

జెర్సీ_బెజవాడ
మారలేరు, అక్కా. మెత్తగా చెప్పే దారి కనబడలేదు, అందుకే సూటిగా చెబుతున్నాను. ఏ శాఖ బేత్ దీన్ అయినా, అంటే ముగ్గురు కూర్చునే మత న్యాయసభ, యేసును మెస్సీయగా నమ్మేవారిని చేర్చుకోదు. ఆర్థొడాక్స్, కన్సర్వేటివ్, రిఫార్మ్ అనే శాఖల వాళ్లు చాలా విషయాల్లో ఒకరితో ఒకరు విభేదిస్తారు. ఈ విషయంలో మాత్రం ఒకే మాట. శాలువా, కొమ్ము బయటి ఆనవాళ్లు. వాటిని ఎంత ప్రేమతో పట్టుకున్నా లోపలి నమ్మకం వేరు.

యూదులు కాకుండానే వాళ్ల దేవుడిని కొలిచే దారి ఒకటి వాళ్లే చూపించారు. నోవహు సంతానానికి, అంటే మనుషులందరికీ, ఏడు ఆజ్ఞలు. హత్య, దొంగతనం, విగ్రహారాధన, వ్యభిచారం, దైవదూషణ కూడదు, బతికున్న జంతువు నుంచి కోసిన మాంసం తినకూడదు, న్యాయస్థానాలు ఏర్పరచుకోవాలి. ఇవి పాటించే పరాయివాడికి కూడా రాబోయే లోకంలో భాగం ఉందంటారు. అందుకే మారమని ఎవరి వెంటా పడరు.

రూతుమ్మ_రాజమండ్రి
బాధగానే ఉంది, కానీ స్పష్టంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. నా పేరే రూతు. మోయాబు పిల్ల అత్త వెంట వెళ్లి "నీ జనమే నా జనం" అన్న కథ విని పెరిగాను. ఆమెను అన్ని ప్రశ్నలు వేశారా అని అనిపిస్తుంది.

జెర్సీ_బెజవాడ
వేశారు! అత్త నయోమి ఆమెను వెనక్కి వెళ్లిపొమ్మని మళ్లీ మళ్లీ చెబుతుంది. మారతామని వచ్చినవాడిని మూడుసార్లు తిప్పి పంపే ఆనవాయితీ ఆ కథ నుంచే పుట్టిందంటారు. నన్నూ పంపారు. మొదటి రబ్బీకి రాసిన ఉత్తరానికి జవాబే రాలేదు. రెండోసారి వెళితే "మీ మతంలో మీరు మంచి మనిషిగా ఉండండి, చాలు" అన్నారు. మూడోసారి కుర్చీ చూపించారు.

తాల్మూదు అనే పాత ధర్మశాస్త్ర గ్రంథంలో యెవామోత్ అనే భాగం ఉంది. మారడానికి వచ్చినవాడిని ఏమడగాలో అక్కడ రాశారు. ఈ కాలంలో ఇశ్రాయేలు వాళ్లు ఎన్ని బాధలు పడుతున్నారో నీకు తెలియదా అని అడగాలట. తెలుసు, అందులో చేరే అర్హత కూడా నాకు లేదు అంటే వెంటనే చేర్చుకోవాలట. ఆ జవాబు దగ్గర నేను ఏడ్చాను.

చదువు పద్దెనిమిది నెలలు పట్టింది. ఒక ఏడాది పండుగల చక్రం మొత్తం వాళ్లతో గడపాలి. హీబ్రూ చదవడం, వంటిల్లు మార్చుకోవడం, శనివారం ఫోను ముట్టకుండా ఉండడం. చివర్లో ముగ్గురి ముందు కూర్చుని జవాబులు చెప్పాను, తర్వాత మిక్వేలో, అంటే శుద్ధి స్నానం చేసే కొలనులో, మునక. ఒంటి మీద నూలుపోగు, ఉంగరం, గోళ్ల రంగు ఏదీ ఉండకూడదు. నీరు తగలని చోటు వెంట్రుక వాసి కూడా మిగలకూడదు.

మా నాన్నగారు ఏడాదిపాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మునక సంగతి చెప్పిన రోజు మాత్రం "నీళ్లు పారే నీళ్లేనా?" అని అడిగారు. నది, సముద్రం కూడా మిక్వేగా పనికొస్తాయని చెప్పాను. "2016లో పుష్కరాలకు నిన్ను కృష్ణలో ముంచింది నేనే, జలుబు చేస్తుందని గోల పెట్టావు" అన్నారు. ఏడాది తర్వాత మా ఇద్దరి మొదటి నవ్వు అదే.

ఆకాశరామన్న
వంటిల్లు ఎలా మార్చారు? బెజవాడ మనిషి పెరుగన్నం లేకుండా భోజనం ముగించగలరా?

జెర్సీ_బెజవాడ
అదే కష్టం! మాంసం, పాలు ఒకే భోజనంలో కలవకూడదు. కోడికూర తిన్న తర్వాత గంటల తరబడి పెరుగు ముట్టకూడదు. పెరుగులో నానబెట్టి నెయ్యి పోసి వండే హైదరాబాదు బిర్యానీ ఇక ఈ జన్మకు లేదు. పప్పు, ఆవకాయ, గోంగూర పచ్చడి, పులిహోర అన్నీ నిక్షేపంగా తింటాను. శాకాహారమైతే పెరుగన్నంతోనే ముగిస్తాను.

చేపల్లో రెక్కలు, పొలుసులు రెండూ ఉన్నవి మాత్రమే. రాగండి, బొచ్చె, కొర్రమీను తినవచ్చు. వాలుగ, జెల్ల, రొయ్య, పీత తినకూడదు.

కృష్ణాతీరం
పులస?

జెర్సీ_బెజవాడ
పొలుసులు ఉన్నాయి కాబట్టి తినవచ్చు. ధర విషయంలో మాత్రం ధర్మశాస్త్రం ఏ సాయం చేయదు.

కృష్ణాతీరం
గోదావరి జిల్లాల మీద దేవుడి దయ ఉంది.

చేబ్రోలు_దావీదు
రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

మాది గుంటూరు జిల్లా, చేబ్రోలు వైపు. కొత్తరెడ్డిపాలెంలో సినగాగ్ ఉంది, 1990ల మొదట్లో కట్టుకున్నాం. మేము బెనె ఎఫ్రాయీము. పూర్వం చెదిరిపోయిన ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయీము గోత్రం వాళ్లమని మా పెద్దలు చెప్పారు. బయటివాళ్లకు మేము మాదిగలం, మా తాతల తరం బాప్టిస్టు సంఘంలో ఉండేది. మా మీద విదేశీ పరిశోధకులు వచ్చి పుస్తకాలు కూడా రాశారు.

నేను పుట్టినప్పటి నుంచి శనివారం పని ముట్టలేదు. మిరప కోతల్లో శనివారం కూలి పోతే ఆ వారం ఇల్లు ఎలా గడుస్తుందో ఊహించండి. మేస్త్రీ "మీ వాళ్లను పిలిస్తే ఆరు రోజులే వస్తారు" అని వేరే వాళ్లను పెట్టుకుంటాడు. అయినా మానలేదు. పిల్లలకు హీబ్రూ అక్షరాలు నేర్పాం. పస్కాకు పులియని రొట్టె పొయ్యి మీద కాలుస్తాం.

మమ్మల్ని ఇప్పటికీ ఇజ్రాయెల్ రబ్బీల సభ యూదులుగా ఒప్పుకోలేదు. ఇక్కడేమో పెట్టెలో ఒక దీపం, ఒక కాగితం దొరికితే "మీరు మారనక్కర్లేదు, తిరిగి రండి" అంటున్నారు. తమ్ముడి మీద నాకు కోపం లేదు. కానీ చదువుతుంటే గొంతులో ఏదో అడ్డం పడింది. మా దగ్గర కెతూబా ఎక్కడి నుంచి వస్తుంది? మా తాతలకు చదువే చెప్పలేదు. ఊళ్లో పత్రాలు రాసే చోటికి రానిచ్చారా?

సికింద్రాబాద్_మనవడు
దావీదు అన్నా, ఏం రాయాలో తెలియక గంటసేపు కూర్చున్నాను. మీరు 30 ఏళ్లకు పైగా పాటించారు. నేను ఒక్క శనివారం కూడా పాటించలేదు. మీ మాటకు నా దగ్గర జవాబు లేదు.

నిప్పులాంటి_నిజం
నొప్పించాలని కాదు కానీ అడగక తప్పదు. ఇజ్రాయెల్ వెళ్లి బాగుపడదామనే ఇదంతా అని చాలామంది అంటారు కదా, దావీదు గారూ?

చేబ్రోలు_దావీదు
అంటారు. ముప్పై ఏళ్లుగా వారానికి ఒక్కరోజు కూలి వదులుకుని, చుట్టాల పెళ్లిలో భోజనం వదులుకుని, చర్చి స్నేహాలు వదులుకుని, వస్తుందో రాదో తెలియని వీసా కోసం ఎవరైనా బతుకుతారా? వెళ్లాలన్న ఆశ కొందరికి ఉంది, దాచను. పస్కా రాత్రి ప్రపంచంలో ప్రతి యూదుడూ "వచ్చే ఏడు యెరూషలేములో" అంటాడు. న్యూయార్కులో ధనవంతుడు అంటే భక్తి, మేము అంటే ఆశపోతుతనమా?

వేదిక_నిర్వాహకురాలు
ఈ చర్చ బాగా సాగుతోంది. కులం ప్రస్తావన వచ్చినప్పుడు మాట ఆచితూచి రాయమని అందరికీ మనవి.

థానే_తెలుగు
దావీదు గారూ, మీరు చెప్పిన నొప్పి మా వీధి వాళ్లకు కొత్త కాదు. బెనె ఇజ్రాయెల్ వాళ్లు ఇజ్రాయెల్ వెళ్లాక ఏమైందో చాలామందికి తెలియదు. 1962లో అక్కడి ప్రధాన రబ్బీల సభ ఒక ఆదేశం ఇచ్చింది. బెనె ఇజ్రాయెల్ వాళ్లు వేరే యూదులను పెళ్లి చేసుకోవాలంటే ముందు వాళ్ల వంశం తరతరాలు తవ్వి చూడాలని. వందల ఏళ్లు గానుగ ఆపి శనివారం కాపాడుకున్న వాళ్లను! యెరూషలేములో ధర్నాలు చేశారు. 1964లో అక్కడి పార్లమెంటు వాళ్లు అన్ని విధాలా యూదులేనని తీర్మానించిన తర్వాతే వెనక్కి తగ్గారు.

మిజోరం, మణిపూర్ బెనె మెనాషె వాళ్ల కథ ఇంకో రకం. 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీలు ఇద్దరిలో సెఫార్దీ శాఖ రబ్బీ వాళ్లను తప్పిపోయిన గోత్రం సంతతిగా ఒప్పుకున్నారు. అయినా మతమార్పిడి తంతు పూర్తిగా చేయించుకోవాలన్నారు. వాళ్లు చేయించుకున్నారు, వేలమంది వెళ్లారు.

ఒప్పుకోలు అనేది ఒక్కొక్కరికి ఒక్కో తలుపు గుండా వచ్చింది. నిజమైనవాళ్లకు వెంటనే తెరుచుకుంటుంది అనుకుంటే పొరపాటు.

జెర్సీ_బెజవాడ
దావీదు గారూ, నేను "మారనక్కర్లేదు" అన్నది ధర్మశాస్త్రం లెక్కలో. ఆ లెక్కలో మీకు జరిగిన అన్యాయం కనబడదు, నిజమే. రాసేటప్పుడు నాకు తట్టలేదు, క్షమించండి.

ఒక్కటి చెప్పాలని ఉంది. పన్నెండో శతాబ్దంలో ఓబద్యా అనే మతం మారిన మనిషి మైమోనిదెస్ అనే గొప్ప యూదు ధర్మవేత్తకు ఉత్తరం రాశాడు. ప్రార్థనలో "మా పితరుల దేవా" అనవచ్చా, నా పితరులు యూదులు కారు కదా అని. తప్పకుండా అనవచ్చు, ఏమీ మార్చకుండా అనాలి అని ఆయన జవాబిచ్చారు. అబ్రాహాము మార్గంలోకి వచ్చిన ప్రతివాడూ అబ్రాహాము సంతానమే, మనకూ నీకూ తేడా లేదు అని. మారిన వాళ్లను పేరుపెట్టి పిలిచేటప్పుడు కూడా "అబ్రాహాము కుమారుడు" అనే పిలుస్తారు. నన్ను అబ్రాహాము కుమార్తె అన్నారు. కాగితం లేనివాళ్ల కోసమే ఆ ఉత్తరం అని నాకు అనిపిస్తుంది.

చేబ్రోలు_దావీదు
క్షమాపణ ఎందుకమ్మా. ఆ ఉత్తరం గురించి మా వాళ్లకు ఈ శనివారం చెబుతాను.

వరంగల్_వకీలు
చట్టం సంగతి రెండు మాటలు, ఇవి తెలియక నష్టపోయిన వాళ్లను చూశాను.

షెడ్యూల్డు కులాల హోదాకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆధారం. మొదట హిందువులకే, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. అందులో యూదమతం లేదు. కాబట్టి కాగితాల మీద యూదుడని రాయించుకున్న దళితుడు రిజర్వేషన్ కోల్పోతాడు. దావీదు గారి వాళ్లు మోసే బరువులో ఇదొకటి.

యూదులకు మైనారిటీ హోదా మహారాష్ట్ర 2016లో, గుజరాత్ 2018లో ఇచ్చాయి.

మనవడు గారికి ఒక హెచ్చరిక. యూదులు ఇజ్రాయెల్ వచ్చి స్థిరపడే హక్కు ఇచ్చే పునరాగమన చట్టం 1950 నాటిది. 1970 సవరణతో యూదుల పిల్లలకు, మనవలకు కూడా హక్కు ఇచ్చారు. కానీ అదే సవరణలో యూదుడంటే యూదు తల్లికి పుట్టినవాడు లేదా యూదమతంలోకి మారినవాడు, వేరే మతంలో లేనివాడు అని నిర్వచించారు. మతగురువుల లెక్క వేరు, ప్రభుత్వం లెక్క వేరు. మీకు వెళ్లే ఉద్దేశం లేదన్నారు, మంచిది. ఎప్పుడైనా మనసు మారితే ఒక వకీలును అడిగి అడుగు వేయండి.

ఆకాశరామన్న
మా పక్క ఊళ్లో ఒకాయన "మతం మార్పించి ఇజ్రాయెల్ పంపిస్తాం" అన్నవాళ్లకు రెండు లక్షలు కట్టాడు. వాళ్లు మళ్లీ కనబడలేదు. ఎవరైనా డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.

జెర్సీ_బెజవాడ
ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. తరగతి రుసుము, పుస్తకాల ఖర్చు ఉంటాయి. మతం మార్పిస్తామని ప్యాకేజీ అమ్మేవాడు మాత్రం మోసగాడే.

రూతుమ్మ_రాజమండ్రి
మనవడు తమ్ముడూ, మీ అమ్మగారు ఏమంటున్నారు? ఇంతమందిమి మాట్లాడుతున్నాం, ఆమె మాట ఎక్కడా వినబడలేదు.

సికింద్రాబాద్_మనవడు
అడిగినందుకు సంతోషం అక్కా. పోయిన వారం థానే_తెలుగు గారు ఇచ్చిన సలహాతో అమ్మను తీసుకుని ముంబయి వెళ్లాను. థానేలో 1879 నాటి సినగాగ్ ఉంది, షార్ హషామయిం. మెట్ల దగ్గర అమ్మ ఆగిపోయింది. "నన్ను రానిస్తారా" అంది. బయట పెళ్లి చేసుకున్నందుకు తన వాళ్లు తనతో తెగతెంపులు చేసుకున్నారట. అమ్మమ్మ ఒక్కతే సికింద్రాబాదులో మాతో ఉండిపోయింది. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదో అప్పుడు అర్థమైంది.

తలుపు దగ్గర ఒక పెద్దావిడ అమ్మను మరాఠీలో పలకరించింది. ఏ ఊరు వాళ్లమ్మా అని. అమ్మ పల్లె పేరు చెప్పింది. ఆవిడ అమ్మ చేయి పట్టుకుని లోపలికి నడిపించింది. అంతే జరిగింది, ఇంకేమీ జరగలేదు. అమ్మ తలుపు చట్రానికి ఉన్న మెజూజాను (లేఖన వాక్యాలు ఉంచిన చిన్న గొట్టాన్ని) తాకి వేళ్లు పెదవులకు ఆనించుకుంది. ఎవరూ చెప్పలేదు, చేయి దానంతట అదే వెళ్లింది.

కెతూబా చూపించాం. చదివి వినిపించారు. అమ్మమ్మ తండ్రి పేరు, పెళ్లి జరిగిన ఊరు దొరికాయి. రబ్బీ గారికి నకలు పంపుతామన్నారు. నాకు సున్నతి కాలేదు కాబట్టి ఆ సంగతి వైద్యుడితో, రబ్బీతో కలిపి మాట్లాడాలి. తొందర లేదన్నారు.

వాళ్లు ఒక ప్రశ్న అడిగితే జవాబు చెప్పలేకపోయాను. అమ్మమ్మ పోయిన తిథి. ప్రతి ఏడాది ఆ రోజున దీపం పెట్టి, కద్దీష్ అనే ప్రార్థన చదివించాలట. మాకు గుర్తున్నది 1997 దీపావళి రాత్రి అని మాత్రమే. వీధంతా టపాసులు పేలుతున్నాయి, డాక్టరు మాట వినబడలేదు. ఇంగ్లిషు తేదీ కూడా తెలియదు.

పంచాంగం_పంతులు
నాయనా, ఇది నా వృత్తి. మొన్నటి నుంచి చదువుతున్నాను, నాకు పని దొరికినందుకు ఆనందంగా ఉంది.

వాళ్లదీ మనలాగే చాంద్రమానం. అమావాస్య తర్వాత కొత్త నెల. 19 ఏళ్లలో ఏడు అధిక మాసాలు వేసి ఋతువులతో సరిపెడతారు. మనమూ అధిక మాసం వేస్తాం, ఎప్పుడు వేస్తామన్నదే తేడా. కాబట్టి దీపావళి అమావాస్య వాళ్ల నెల చివర్లో పడి తీరాలి.

1997 దీపావళి అక్టోబరు 30, గురువారం. ఆ ఏడు వాళ్ల సంవత్సరాది అక్టోబరు 2, అంటే తిష్రీ నెల మొదటి రోజు. లెక్కిస్తే అక్టోబరు 30 పగలు తిష్రీ 29. వాళ్లకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. రాత్రి టపాసుల వేళ అన్నావు కాబట్టి అప్పటికే తిష్రీ 30 వచ్చేసింది. మీ అమ్మమ్మ తిథి తిష్రీ 30. ఆ నెలకు ఎప్పుడూ 30 రోజులే కాబట్టి ఏ ఏడూ తప్పిపోదు.

2026లో తిష్రీ 30 అక్టోబరు 11, ఆదివారం. ముందు రోజు శనివారం సాయంత్రం మొదలవుతుంది. ఈ ఏడు మనకు అధిక జ్యేష్ఠం వచ్చి దీపావళి నవంబరు 8న వస్తుంది కాబట్టి అక్టోబరు 10 మనకు దీపావళి కాదు. అది మహాలయ అమావాస్య. పితృదేవతలను తలుచుకునే రోజు.

సికింద్రాబాద్_మనవడు
పంతులు గారూ, మీ జవాబు అమ్మకు, నాన్నకు చదివి వినిపించాను. నాన్న ప్రతి ఏడు మహాలయ అమావాస్యకు మా నాయనమ్మ, తాతయ్యలకు తర్పణం వదులుతారు. "పొద్దున నా పని, సాయంత్రం మీ పని" అన్నారు.

జెర్సీ_బెజవాడ
ఒక్క జాగ్రత్త. సాయంత్రం అంటే పొద్దు వాలగానే కాదు. అది శనివారం. విశ్రాంతి దినం పూర్తయి ఆకాశంలో మూడు నక్షత్రాలు కనబడే దాకా అగ్గిపుల్ల గీయకూడదు. 24 గంటలు వెలిగేలా నూనె పోయండి, ఆదివారం పొద్దు వాలే దాకా ఉండాలి.

నిప్పులాంటి_నిజం
గ్లాసు పెద్దది చూసుకోండి. మా ఇంట్లో అఖండ దీపానికి పెద్ద ప్రమిద వాడతాం, ఒత్తి లావుగా ఉంటే నూనె త్వరగా అయిపోతుంది. సన్న ఒత్తి వేయండి.

సికింద్రాబాద్_మనవడు
అలాగే వేస్తాను. కద్దీష్ సంగతి మిగిలింది. దానికి పదిమంది పెద్దవాళ్లు కావాలట, మిన్యాన్ అంటారు. మళ్లీ ముంబయి వెళ్లడానికి అమ్మకు ఒంట్లో ఓపిక లేదు.

చేబ్రోలు_దావీదు
తమ్ముడూ, మా దగ్గర పదిమందికి పైగా ఉన్నాం. మేము లెక్కకు వస్తామో రామో మీ రబ్బీ గారినే అడుగు. రామంటే నేను బాధపడను, అలవాటే. అప్పుడు కద్దీష్ బదులు కీర్తనలు చదువుదాం, కీర్తనలకు పదిమంది అవసరం లేదు. ఆదివారం పొద్దున గుంటూరులో దిగి ఫోను చెయ్యి. నాన్నగారిని కూడా తీసుకురా. అమ్మగారు రాగలిగితే మా ఆవిడ ఎదురుచూస్తుంది.

సికింద్రాబాద్_మనవడు
ముగ్గురం వస్తున్నాం అన్నా. అటుకులు, కొబ్బరికాయ మేము తెస్తాం. మలీదా ఎలా కలపాలో అమ్మకు గుర్తుందట.

చేబ్రోలు_దావీదు
పళ్లెం మా ఇంట్లో ఉంది, పెద్దదే. మధ్యాహ్నం భోజనానికి కొర్రమీను చెప్పాను. నాన్నగారు చేప తింటారో లేదో అడిగి చెప్పు, తినకపోతే పప్పుచారు పెట్టిస్తాను.